విశాఖ నుంచి భీమిలి దాకా ఒక్క రోజు: తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, డచ్చి సమాధులు ఏ వరసలో చూడాలి?

మెహిదీపట్నం వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో హైదరాబాదు నుంచి విశాఖ వస్తున్నాం. పొద్దున 6 గంటలకు రైలు దిగుతాం, రాత్రి 8:30కి తిరుగు రైలు. మధ్యలో దొరికే సమయమంతా భీమిలి బీచ్ రోడ్డుకే పెట్టాలని ఉంది. మొత్తం ఆరుగురం: మేమిద్దరం, అమ్మా నాన్నా, 8, 12 ఏళ్ళ పిల్లలు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కడం కష్టం. పెద్దాడికి పాత కట్టడాలు, నాణేలు అంటే బాగా ఇష్టం.

నేను రాసుకున్న పట్టీ ఇది: కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి పట్నం, బొజ్జన్నకొండ, ఆర్కే బీచ్ దగ్గర సబ్‌మెరైన్. ఇవన్నీ అవుతాయా? కాకపోతే ఏవి వదలాలి? దారిలో వచ్చినవి వచ్చినట్టు చూసుకుంటూ వెళ్ళాలా, లేక వేరే వరస ఉందా? కారు మాట్లాడుకోవాలా, బస్సులతో అవుతుందా? అమ్మను ఎక్కడెక్కడికి తీసుకెళ్ళగలం? భీమిలిలో డచ్చి వాళ్ళ సమాధులు వెతుక్కుంటూ వెళ్ళేంత విలువైనవేనా?

గోస్తనీ ఒడ్డు

మీ పట్టీలోంచి ముందు బొజ్జన్నకొండ కొట్టేయండి. అది అనకాపల్లి దగ్గర శంకరంలో ఉంది, అంటే భీమిలికి పూర్తిగా ఎదురు దిక్కు. పోను రాను కలిపి మీ సగం రోజు తినేస్తుంది. బావికొండ, తొట్లకొండ ఒకే కాలపు బౌద్ధ స్థలాలు, పక్కపక్క కొండలు. ఒక్క రోజులో ఒకటే చూడండి, అది తొట్లకొండే అవ్వాలి. కారు దాదాపు పైదాకా వెళ్తుంది, పైన నేల చదును, సముద్రం కనిపిస్తుంది. కైలాసగిరి ఊళ్ళో పార్కు, మళ్ళీ వచ్చినప్పుడు చూసుకోవచ్చు. రుషికొండ దారిలో కారు అద్దంలోంచి చూసినా నష్టం లేదు. మిగిలినవి మూడు: దిబ్బలు, భీమిలి, తొట్లకొండ. సాయంత్రానికి సబ్‌మెరైన్. ఆరుగురికి ఇది నిండు రోజు.

ఇక వరస. కొత్తగా వచ్చే వాళ్ళందరూ చేసే పొరపాటు దారిలో ముందు ఏది తగిలితే అక్కడ దిగిపోవడం. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ సుమారు 10 కిలోమీటర్లు, తొట్లకొండ 15, ఎర్రమట్టి దిబ్బలు 20, భీమిలి 25 పైచిలుకు. ఈ లెక్కన ఆగుతూ వెళ్తే దిబ్బల దగ్గరికి మిట్టమధ్యాహ్నం చేరతారు. నీడ లేని ఎర్ర మట్టిలో డిసెంబరు ఎండ కూడా మాడుస్తుంది. అందుకని దారిలో ఎక్కడా ఆగకుండా ముందు దూరం పోయి, వెనక్కి వస్తూ చూడండి.

స్టేషన్లోనో దగ్గరి లాడ్జిలోనో మొహాలు కడుక్కుని, టిఫిన్ కానిచ్చి 7 గంటలకు బయలుదేరండి. 8 లోపు దిబ్బల దగ్గర ఉంటారు. అక్కడ గంటన్నర. అక్కడినుంచి భీమిలి నాలుగైదు కిలోమీటర్లే, 10 గంటలకు ఊళ్ళో ఉంటారు. సమాధులు, గడియార స్తంభం, చర్చి, దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఇవన్నీ 12:30 లోపు అయిపోతాయి. భోజనం చేసి అమ్మగారిని ఒక గంట నడుం వాల్చనివ్వండి. 2:30కి తిరుగు దారి పట్టి, 3 గంటలకు తొట్లకొండ ఎక్కితే 4:30 దాకా చూడొచ్చు. 5:30 ప్రాంతంలో ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, 7:30కి స్టేషన్ వైపు.

ఇందులో ఒక గడువు గట్టిగా పట్టుకోవాలి. డిసెంబరులో విశాఖలో పొద్దు 5:25 ప్రాంతంలోనే కుంకుతుంది. హైదరాబాదుకన్నా పావుగంట పైనే ముందు. పైగా మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలో కాకుండా కొండల వెనక్కి దిగుతాడు, కాబట్టి కొండ నీడలు ఇంకా ముందే పరుచుకుంటాయి. "సాయంత్రం తీరిగ్గా తొట్లకొండ ఎక్కుదాం" అని 5 గంటలకు వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

సబ్‌మెరైన్ సంగతి: ఐఎన్‌ఎస్ కురుసుర మ్యూజియానికి సోమవారం సెలవు. మిగతా మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, అందుకే దాన్ని చివరికి పెట్టాను. లోపల దారి సన్నం, ఒక గదినుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపుల్లోంచి కాలెత్తి వంగి దూరాలి. అమ్మగారు బయట బెంచీ మీద కూర్చోవడమే మంచిది. పిల్లలకు మాత్రం తప్పకుండా చూపించండి. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన అసలు జలాంతర్గామి అది, 91 మీటర్ల పొడవు.

ఖొండలైటు

పై వరస నాకు నచ్చింది. దిబ్బల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడికి వెళ్ళి నాలుగు ఫోటోలు తీసుకుని "ఏముంది, మట్టేగా" అని వచ్చేస్తారు.

అది మామూలు ఎర్ర నేల కాదు, ఇసుక. తూర్పు కనుమల్లో ఉండే ఖొండలైటు రాయి (ఖోండు గిరిజనుల పేరుమీదే ఆ రాయికి పేరు పెట్టారు) అరిగి, వాగుల్లో సముద్రానికి చేరి, గాలికి ఎగిరి ఒడ్డున దిబ్బలు కట్టింది. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్ల పైనే కిందికి ఉండేది, అంటే ఒడ్డు చాలా దూరాన, మధ్యలో ఎండిన ఇసుక మైదానం. ఆ ఇసుకే గాలికి ఇటు వచ్చింది. తర్వాత వేల ఏళ్ళ వానలకు రేణువుల చుట్టూ ఇనుపతుప్పు పొర పట్టి ఎర్రబడింది. తీరం వెంట సుమారు 5 కిలోమీటర్లు ఉంటాయి, కొన్నిచోట్ల 30 మీటర్ల ఎత్తు. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు ఇంకా తమిళనాడులోని తేరి నేలల్లో, శ్రీలంకలో తప్ప లేవు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1886లోనే వీటి గురించి రాశాడు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది.

పిల్లల చేత ఒక పని చేయించండి. చిటికెడు మట్టి అరచేతిలో వేసుకుని రెండో చేత్తో రుద్దమనండి. ఎరుపంతా అరచేతి గీతల్లోకి దిగిపోతుంది, మిగిలిన రేణువులు ఎండలో గాజుపొడిలా మెరుస్తాయి. ఆ మెరిసేది క్వార్ట్జ్, చేతికంటినది ఇనుము. దిబ్బ కథంతా ఆ చిటికెడులో ఉంది. చూశాక మట్టి అక్కడే వదిలేయాలి, సీసాల్లో నింపుకుని తేకండి. రక్షిత స్థలం.

కిందికి దిగాక గెడ్డల (వాన నీరు కోసిన లోతైన చీలికల) అడుగున నల్లటి చారలు కనిపిస్తాయి. బూడిదో, చమురో అనుకుంటారు. అది ఇల్మనైటు అనే ఖనిజం. గులాబీ రంగు చారలుంటే గార్నెట్. బరువైన రేణువులు కావడంతో వాన నీళ్ళు తేలికపాటి ఇసుకను తోసుకెళ్ళినా ఇవి వెనకబడి చారలు కడతాయి. భీమిలి ఇసుక ఒడ్డునా ఇవే చూస్తారు.

నడక గురించి. రోడ్డు పక్కన కారు ఆపి లోపలికి నడిస్తే ముందు జీడిమామిడి, తాటి చెట్లు, తర్వాత ఒక్కసారిగా నేల కిందికి చీలిపోతుంది. ఆ చీలికలే గెడ్డలు, అన్నీ వంకరటింకరగా ఒకలాగే ఉంటాయి. దారి తప్పేది అక్కడే. దిగే చోట ఒక తాటి చెట్టునో, కంచె రాయినో గుర్తు పెట్టుకుని దాని ఫోటో తీసుకోండి. కిందికి దిగాక వెనక్కి తిరిగి ఆ గెడ్డ నోరు ఎలా ఉందో ఇంకో ఫోటో. గోడల మధ్య ఫోను సిగ్నల్ నమ్మొద్దు. రెండు పాయలు కలిసే ప్రతి చోటా ఒకరు ఆగి వెనక వాళ్ళని కలుపుకోవాలి, ముఖ్యంగా పిల్లలు పరిగెత్తుతారు కాబట్టి.

ప్రమాదం గోడ అంచుల్లో. ఆ గోడలు నిట్టనిలువుగా నిలబడటం చూసి రాయి అనుకుని అంచు దాకా వెళ్ళి నిలబడతారు. అది రాయి కాదు, కాస్త బంక మట్టి, ఇనుము పట్టి ఉంచిన ఇసుక. వాన నీరు కిందిభాగాన్ని తొలిచేసి పై పెచ్చు గాల్లో మిగిలి ఉంటుంది, పైన నిలబడ్డ వాళ్ళకి ఆ సంగతి తెలియదు. అంచుకి కనీసం రెండు మీటర్లు ఇవతలే ఉండండి. గోడ కింద నీడ ఉంది కదా అని ఆనుకుని కూర్చోవద్దు. ముందురోజు గట్టి వాన పడి ఉంటే లోపలికి దిగకుండా పైనుంచే చూసి వచ్చేయండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు ఎక్కువ, డిసెంబరు మొదట్లో కూడా ఒక్కోసారి తగులుతాయి.

గోడల మీద పేర్లు చెక్కుతుంటారు చాలామంది. మీ పిల్లలకి ముందే చెప్పండి. 12 వేల ఏళ్ళ పైబడిన పొర అది, గీసిన గీతలోకి మొదటి వానకే నీళ్ళు దిగి అక్కడినుంచి కొత్త చీలిక మొదలవుతుంది.

తలా 2 లీటర్ల నీళ్ళు, టోపీలు, పట్టున్న బూట్లు. తెల్ల బట్టలు వద్దు, ఆ ఎరుపు ఒక పట్టాన వదలదు. అమ్మగారు గెడ్డల్లోకి దిగలేరు, కానీ పైనుంచి కాస్త లోపలికి చదును దారిలో నడిస్తే చూపు బాగానే ఆనుతుంది. నాన్నగారు ఆవిడతో పైనే ఉంటే సరి.

ఒక్క విషయంలో గోస్తనీ గారితో నాది వేరే మాట. ఫోటోల కోసమే వెళ్ళేవాళ్ళకి సాయంత్రం 3:30 తర్వాతి వెలుగు ఇంకా బాగుంటుంది, పక్కనుంచి పడే ఎండకు గోడల మీది గాడులన్నీ లేచి కనిపిస్తాయి. కానీ మీరు పెద్దవాళ్ళతో, పిల్లలతో వస్తున్నారు. పొద్దుకుంకే వేళ గెడ్డల్లో ఎవరైనా తప్పిపోతే వెతకడం కష్టం. మీకు పొద్దున్నే సరి.

బ్రాహ్మీ అక్షరం

తొట్లకొండ గురించి నేను చెబుతాను. పేరులోనే అంతా ఉంది. కొండ మీద రాతిని తొలిచి కట్టిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి తొట్లకొండ. పక్క కొండ మీద బావులున్నాయి కాబట్టి బావికొండ. ఇక్కడి బౌద్ధ భిక్షువులు ఎంచుకున్న కొండలకు నీటి ఊట లేదు. వానకాలంలో పడ్డ నీటితోనే ఏడాదంతా గడపాలి. అందుకే అక్కడ అడుగు పెట్టగానే స్తూపం వైపు పరిగెత్తకుండా ముందు తొట్ల దగ్గరికి వెళ్ళమంటాను. రాతి వాలు ఎటు ఉందో, నీళ్ళు ఎటునుంచి వచ్చి తొట్లో పడతాయో, వాడిన నీరు పోవడానికి రాతి కాలవలు ఎలా వేశారో మీ పెద్దాడిని కనిపెట్టమనండి. ఒకసారి ఆ లెక్క అర్థమైతే మిగతా కట్టడాలన్నీ ఎందుకు అక్కడక్కడే ఉన్నాయో తెలుస్తుంది.

ఈ స్థలం 1976లో నౌకాదళం విమానాల మీదనుంచి సర్వే చేస్తుండగా బయటపడింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. క్రీ.పూ. 3వ శతాబ్దం ప్రాంతం నుంచి సుమారు అయిదు వందల ఏళ్ళు ఇక్కడ భిక్షువులు ఉన్నారు. బౌద్ధంలో పాత శాఖ అయిన హీనయానం వాళ్ళ స్థలం కాబట్టి బుద్ధుడి విగ్రహాల కోసం వెతక్కండి, స్తూపాన్నే బుద్ధుడిగా కొలిచిన కాలం అది. 72 గదుల విహారాలు (భిక్షువుల నివాసాలు), స్తంభాల మొదళ్ళు మిగిలిన సమావేశ మండపం, వంటశాల, భోజనశాల, చైత్యగృహాలు (ప్రార్థనా మందిరాలు), మహాస్తూపం ఉన్నాయి. ఒక చైత్యగృహం గోడ చివర గుండ్రంగా తిరిగి ఉంటుంది. దాన్ని గజపృష్ఠం అంటారు, ఏనుగు వీపులా ఉందని. పిల్లాడికి ఆ మాట చెప్పి, ఎక్కడుందో వాడినే వెతకమనండి.

నాణేలంటే ఇష్టం అన్నారు కదా. ఇక్కడ శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. కొండ మీదనుంచి సముద్రం వైపు చూస్తే ఆ నాణేలు ఎలా వచ్చాయో ఊహించడానికి కష్టపడక్కర్లేదు. ఓడల్లో వచ్చే వర్తకులే ఇలాంటి విహారాలకు దాతలు. ఓడలోంచి చూసే వాళ్ళకి కూడా ఈ కొండ మీది తెల్లటి స్తూపం గుర్తుగా ఉండేదని నా నమ్మకం.

ముందే తెలుసుకోవలసిన సంగతి: అక్కడ మీరు చూసే గోడల్లో ఎక్కువ భాగం మోకాలి ఎత్తు పునాదులే. మహాస్తూపం కూడా 2019 అక్టోబరు వానలకు ఒక పక్క కూలితే తిరిగి కట్టారు, కాబట్టి కొత్త రాయి పాత రాయి కలిసి కనిపిస్తాయి. ఈ మాట ముందే చెప్పకపోతే పిల్లలు "ఇంతేనా" అంటారు. ఒక కాగితం మీద పెద్ద చతురస్రం గీసి, చుట్టూ గదులు, మధ్యలో మండపం వేసి చేతికిచ్చి, అక్కడ ఒక్కో గది లెక్కపెట్టుకుంటూ నడవమనండి. గంట ఇట్టే గడుస్తుంది.

అమ్మగారికి: కారు ఆపే చోటునుంచి కట్టడాల దాకా నడవాలి, కానీ అది మెల్లటి దారి. శిథిలాల మధ్య మాత్రం రాళ్ళు ఎగుడుదిగుడు. చెట్టు నీడన కూర్చుని సముద్రం చూసే చోట్లు ఉన్నాయి. మంచినీళ్ళు కిందే తీసుకెళ్ళండి, పైన దుకాణం ఉంటుందన్న భరోసా పెట్టుకోవద్దు. పునాది గోడల మీద ఎక్కి నడవద్దు, ఖొండలైటు మెత్తని రాయి, పొరలుగా రాలిపోతుంది. కార్తీక మాసం ఆదివారాలు అయితే వనభోజనాల జనం ఉంటారు, మీరు డిసెంబరు రెండో వారం అంటున్నారు కాబట్టి మామూలుగా ఆ ఇబ్బంది ఉండదు.

తొట్లకొండకు సరిగ్గా ఎదురుగా కింద మంగమారిపేట. అక్కడ ఒడ్డున సముద్రం తొలిచిన సహజ రాతి తోరణం ఉంది. అది పాటు (సముద్రం వెనక్కి తగ్గే) సమయంలోనే దగ్గరగా కనిపిస్తుంది. పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే అలలు రాళ్ళ మీద విరుచుకుపడతాయి, తోరణం దగ్గరికి పోనివ్వవు. మీరు వచ్చే తేదీకి విశాఖ పోటుపాట్ల పట్టిక ఇంటర్నెట్లో చూసుకోండి. పాటు మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య పడితే తొట్లకొండ ఎక్కేముందు పావుగంట ఆగండి, లేకపోతే వదిలేయండి. పోటుపాట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి వారం ముందు ఎవరో చెప్పిన టైము పనికిరాదు. నాచు పట్టిన రాళ్ళ మీద చెప్పులతో నడవద్దు.

బిమ్లీ గోగునార

డచ్చి సమాధులు వెతుక్కుంటూ వెళ్ళేంత విలువైనవేనా అని అడిగారు. తప్పకుండా. అసలు భీమిలికి వచ్చి బీచ్‌లో బొమ్మల దగ్గర ఫోటో దిగి వెళ్ళిపోయే వాళ్ళని చూస్తే బాధేస్తుంది.

గోల్కొండ సుల్తానుల కాలంలో, 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. మన పాత తెలుగులో వాళ్ళని వలందావారు అనేవారు, మచిలీపట్నంలో వలందపాలెం ఆ పేరే. బట్టలు, ధాన్యం ఇక్కడినుంచి ఓడలెక్కేవి. 1824 ఒప్పందం తర్వాత, 1825లో ఊరు బ్రిటిషు వాళ్ళ చేతికొచ్చింది. 1861లో పురపాలక సంఘం ఏర్పడింది, అంటే దేశంలో మొదటి తరం మునిసిపాలిటీల్లో ఒకటి. 19వ శతాబ్దంలో నువ్వులు, కరక్కాయలు, గోగు నార ఎగుమతి అయ్యేవి. ఆ నారకు ప్రపంచ మార్కెట్లో ఇప్పటికీ ఈ ఊరి పేరే, బిమ్లీ జూట్ అంటారు. మనం పప్పులో వేసుకునే గోంగూర జాతి మొక్కే అది. రైలు మార్గం భీమిలిని తాకకుండా లోపలినుంచి పోయింది, 1933లో విశాఖ ఓడరేవు తెరిచారు, దాంతో ఇక్కడి రేవు చల్లబడింది. ఊరు ఇంత నెమ్మదిగా, పాత మేడలతో మిగిలిపోవడానికి అదే కారణం.

సమాధుల తోట బీచ్‌కి దగ్గర్లోనే. రెండు చోట్లున్నాయని గుర్తుంచుకోండి, ఒకటి డచ్చి కాలపుది, ఇంకోటి బ్రిటిషు కాలపుది. ఆటోవాళ్ళు ఏదో ఒక దాని దగ్గర దింపేస్తారు. "పాత డచ్చి సమాధులు" అని గట్టిగా అడగండి. గేటు వేసి ఉంటే కంగారు పడొద్దు, చుట్టుపక్కల ఇళ్ళలో అడిగితే ఎవరిని పిలవాలో చెబుతారు. గోడ మాత్రం దూకొద్దు. వానకాలం తర్వాత గడ్డి ఏపుగా ఉంటుంది, పాములుంటాయి, నిండు బూట్లు వేసుకోండి.

రాతలు చదవడం పిల్లాడికి బాగా నచ్చుతుంది. డచ్చి సమాధుల మీద సాధారణంగా మొదటి మాటలు "హీర్ లైట్ బెగ్రావన్" అని ఉంటాయి, "ఇక్కడ ఖననమై ఉన్నది" అని అర్థం. తర్వాత పేరు, హోదా, తేదీ. యు అక్షరం రాయాల్సిన చోట వి చెక్కుతారు, అది తెలియక చాలామంది తికమకపడతారు. "ఒబీట్" అంటే మరణించాడు, "ఎటాటిస్" పక్కన అంకె ఉంటే ఆ వయసులో అని. ఇరవైలు, ముప్ఫైల్లో పోయినవాళ్ళ సంఖ్య చూస్తే అర్థమవుతుంది ఈ తీరంలో జ్వరాలు వాళ్ళని ఎలా మింగాయో. అక్షరాలు కనబడకపోతే సుద్దముక్కతో రుద్దడం, నీళ్ళు పోసి గీకడం చేయకండి. పొద్దున 10 ప్రాంతం దాకా ఎండ వాలుగా ఉంటుంది, ఫోను టార్చి పలకకు ఒక పక్కనుంచి, దాదాపు ఆనించి వేస్తే చెక్కిన లోతులో నీడ పడి అక్షరాలు లేస్తాయి. అందుకని దిబ్బల దగ్గర ఆలస్యం కాకుండా చూసుకుని, భీమిలిలో ముందు ఇక్కడికే రండి, తర్వాత గడియార స్తంభం, చర్చి.

చర్చి దగ్గర అమ్మగారికి మెట్ల బాధ పెద్దగా లేదు. నరసింహస్వామి కొండ (పావురాలకొండ అనేదీ అదే, పైన బౌద్ధుల నీటి తొట్లున్నాయి) మాత్రం ఎక్కించకండి.

ఇంకోమాట. భీమిలిలో మామిడి తాండ్ర కొందామని అడిగేవాళ్ళు చాలామంది. పేరున్న తాండ్ర భీమాళిది, ఆ ఊరు విజయనగరం జిల్లాలో ఉంది, భీమిలి కాదు.

తొమ్మిదొందల కె

బస్సు సంగతి ఎవరూ చెప్పలేదు. స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ మీదుగా బీచ్ రోడ్డులో భీమిలి వెళ్ళే సిటీ బస్సు 900కె. ఒక్కరో ఇద్దరో అయితే ఇది చాలు, కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే సముద్రం దారంతా మీదే. కానీ బస్సు తొట్లకొండ కింద రోడ్డు మీద దింపుతుంది, అక్కడినుంచి పైకి ఘాట్ రోడ్డు నడక. మీ అమ్మగారితో కుదరదు. 222 ఎక్కితే జాతీయ రహదారి మీదుగా తగరపువలస పోతుంది, బీచ్ చూడలేరు, పొరపాటున అది ఎక్కకండి.

ఆరుగురు కాబట్టి ఏడు సీట్ల బండి మాట్లాడుకోండి. మాట్లాడేటప్పుడే మూడు విషయాలు తేల్చండి: ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు, ఆగి ఉండే సమయానికి వేరే తీసుకుంటారా. అన్ని తిరుగుళ్ళూ కలిపి 80 కిలోమీటర్లు దాటదు. "తొట్లకొండ పైదాకా, దిబ్బల దగ్గర గంటన్నర వెయిటింగ్" అని పేర్లతో సహా చెప్పండి. ఉత్తి "భీమిలి ట్రిప్" అంటే కొందరు పైకి ఎక్కించడానికి మళ్ళీ బేరం పెడతారు. ఒక్కో చోటా దిగి ఆటో పట్టుకుందామనుకోవద్దు, దిబ్బల దగ్గర తిరుగు ఆటో దొరకడం కష్టం. పార్కింగులకూ టికెట్లకూ చిల్లర దగ్గర పెట్టుకోండి.

దారిలో ఐఎన్‌ఎస్ కళింగ నౌకాదళ స్థావరం గోడ వస్తుంది. అటువైపు ఫోను తిప్పి వీడియోలు తీయొద్దు, డ్రోను అసలే వద్దు.

మెహిదీపట్నం వాసి

చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. బొజ్జన్నకొండ, బావికొండ, కైలాసగిరి కొట్టేశాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. పిల్లలు సముద్రంలో దిగుతామని ఇప్పటినుంచే గోల. భీమిలిలో దింపొచ్చా? ఇంకా, రైలు రెండు గంటలు ఆలస్యమైతే ఏది వదలాలి?

గోస్తనీ ఒడ్డు

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే మొగ దగ్గర అసలు దింపొద్దు. బొర్రా గుహల కింద పారే నది ఇక్కడికొచ్చి కలుస్తుంది, చూడటానికి నీళ్ళు మోకాలి లోతే అనిపిస్తాయి. కానీ ఏటి ఒరవడి, పాటు నీళ్ళు కలిసి ఒకేసారి బయటికి లాగుతాయి, కింద ఇసుక మేట రోజుకో చోటికి మారుతుంది. నిన్న నిలబడ్డ చోట ఇవాళ లోతు ఉండొచ్చు. దిబ్బల కింద ఒడ్డు, మంగమారిపేట రాళ్ళు కూడా అంతే. మన తీరంలో అలలు విరిగే వరసలో ఎక్కడైనా ఒక పట్టీ ప్రశాంతంగా, అల లేకుండా, కాస్త బురద రంగులో కనిపిస్తే అదే లాగుడున్న చోటు. తెలియనివాళ్ళు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పట్టీలోంచి బయటపడాలి.

తడవాలనే ఉంటే రుషికొండలో, బీచ్ కాపలావాళ్ళు ఉన్న చోట, జెండాల మధ్య, చీలమండ లోతులో మీరు చెయ్యి పట్టుకుని నిలబడితే చాలు. తొట్లకొండ దిగి ఊళ్ళోకి వచ్చేటప్పుడు పావుగంట ఆపండి. దిబ్బల ఎరుపు కాళ్ళకి అంటి ఉంటుంది కదా, అదీ పోతుంది.

రైలు ఆలస్యమై 8 దాటాక దిగితే దిబ్బల నడక మానేయండి, ఎండలో పెద్దవాళ్ళకి కష్టం. భీమిలికి నేరుగా వెళ్ళి, భోజనం అయ్యాక 2:30 ప్రాంతంలో తిరుగు దారిలో దిబ్బల అంచున పైనుంచే పది నిమిషాలు చూసి, 3:15కి తొట్లకొండ ఎక్కండి. 10 దాటితే భీమిలి కూడా వదిలేయండి. సబ్‌మెరైన్ మధ్యాహ్నం తెరవగానే చూసేసి, 3:30కి తొట్లకొండ చేరి తొట్లూ మండపమూ నిదానంగా చూడండి, రాత్రి రైలుకి ఏ తొందరా ఉండదు.